రెండు గడుల పట్టికలో గుంటూరు గ్రహణం
(ఖగోళ ఆవిష్కరణల కథనాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన)

యూనిట్ లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు ఈ పనులు చేయగలుగుతారు:
• శాస్త్రవేత్తల పేర్లు, వారి ఆవిష్కరణలు ఇచ్చే పట్టికను కూడా ఒక రచనగా గుర్తించి, దానిని విమర్శనాత్మకంగా చదవడం.
• 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో గుంటూరులో ఏం జరిగిందో, ఏం జరగలేదో వివరించడం.
• చూడడం, గుర్తించడం, కొలవడం, పేరు పెట్టడం, చేతికి చిక్కించుకోవడం అనే దశల మధ్య తేడా చెప్పడం.
• పట్టికల్లో చోటు దక్కని తెలుగు ప్రాంతపు ఖగోళ పరిశీలకుల కృషిని అంచనా వేయడం.

1. ఉపోద్ఘాతం

కిందటి సంవత్సరం ఒక ఆదివారం సాలూరులో సంప్రదింపు తరగతి చెప్పడానికి వెళ్లాను. ఇరవై మంది దాకా విద్యార్థులు వచ్చారు. పాచిపెంట, మక్కువ మండలాల కొండ ఊళ్ల నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చినవారు కొందరు. వారమంతా లారీ షెడ్లలో పనిచేసి, సెలవు రోజున పుస్తకం పట్టుకుని వచ్చినవారు మరికొందరు. ఆ రోజు పాఠం ప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్తలు, వారి ఆవిష్కరణలు. ఒక విద్యార్థిని తాను గైడులో నుంచి రాసుకున్న పట్టికను గట్టిగా చదివింది. ఎడమ గడిలో పేరు, కుడి గడిలో ఆవిష్కరణ. గెలీలియో, టెలిస్కోపు. హేలీ, తోకచుక్క. హెర్షెల్, యురేనస్. జాన్సెన్, హీలియం, బ్రాకెట్లో గుంటూరు, 1868.

గుంటూరు పేరు వినగానే తరగతిలో అందరి ముఖాలూ కాస్త వెలిగాయి. అంత పెద్ద పేర్ల మధ్య మన ఊరు ఒకటి కనిపించడం ఎవరికైనా సంతోషమే. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, హీలియం గుంటూరులో దొరికిందంటే, నేలలోంచి తీశారా, గాలిలోంచి తీశారా?" అని అడిగాడు. మిగిలినవారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ల పాటు డిగ్రీ తరగతుల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. వర్ణపటాల పాఠం వచ్చినప్పుడల్లా "హీలియంను మన గుంటూరులోనే కనుగొన్నారు" అని గర్వంగా చెప్పేవాణ్ణి. ఆ మాటను ఎవరూ ప్రశ్నించలేదు. నన్ను నేను కూడా ప్రశ్నించుకోలేదు. ఆ కుర్రవాడి ప్రశ్న అమాయకంగా వినిపించవచ్చు కానీ, అది అడగవలసిన ప్రశ్న.

ఈ యూనిట్ ఆ ప్రశ్నకు జవాబు. హీలియం గుంటూరులో దొరికిందన్న మాట సరికాదని ఇక్కడ చూపుతాం. అంతటితో ఆగకుండా, గుంటూరుకు నిజంగా దక్కవలసిన గౌరవం ఏమిటో, అది ఆ తప్పు మాట కంటే ఎందుకు పెద్దదో కూడా చూస్తాం.

2. పట్టిక కూడా ఒక రచనే

కవితను, కథను, వ్యాసాన్ని విమర్శించడం మనకు అలవాటే. పట్టికను మాత్రం ఎవరూ విమర్శించరు. అది సమాచారమే కదా అనుకుంటాం. కానీ ఏ సమాచారం ఉండాలో, ఏది వదిలివేయాలో ఎవరో నిర్ణయిస్తేనే పట్టిక తయారవుతుంది. ఆ నిర్ణయాల వెనక కొన్ని నమ్మకాలు ఉంటాయి. రెండు గడుల పట్టికకు మూడు నమ్మకాలు ఆధారం. మొదటిది, ఒక ఆవిష్కరణకు ఒక్క మనిషే కర్త. రెండవది, ఆవిష్కరణ ఒక్క క్షణంలో జరుగుతుంది. మూడవది, చూసినవారికి తాము చూసినది ఏమిటో ఆ క్షణంలోనే తెలుసు.

ఆ విద్యార్థిని చదివిన వరుసలతోనే ఈ నమ్మకాలను పరీక్షిద్దాం.

గెలీలియో టెలిస్కోపును కనుగొనలేదు. 1608లోనే నెదర్లాండ్స్‌లో కళ్లద్దాలు చేసేవారు దానిని తయారుచేశారు. ఆ వార్త విని గెలీలియో 1609లో తానే ఒకటి చేసుకుని, దానిని మెరుగుపరిచి, ఆకాశం వైపు తిప్పారు. 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు ఉపగ్రహాలను చూశారు. ఆయన గొప్పతనం పరికరంలో లేదు, దానితో ఏం చూశారు, చూసినదాన్ని ఎలా అర్థం చేసుకున్నారు అన్నదానిలో ఉంది. పట్టిక తక్కువ విలువైన దానిని ఆయనకు కట్టబెట్టి, ఎక్కువ విలువైన దానిని వదిలేసింది.

హేలీ కూడా తన పేరున్న తోకచుక్కను కనుగొనలేదు. 1682లో దానిని ఎందరో చూశారు, ఆయనా చూశారు. అంతకు ముందు 1531లోను, 1607లోను వచ్చిన తోకచుక్కల మార్గాలతో దాని మార్గాన్ని పోల్చి, మూడూ ఒకటేనని, మళ్లీ 1758 ప్రాంతంలో వస్తుందని లెక్కగట్టడం ఆయన చేసిన పని. 1742లో ఆయన మరణించారు. 1758 క్రిస్మస్ రోజు రాత్రి దానిని మొదట చూసినవారు జర్మనీలోని డ్రెస్డెన్ దగ్గర వ్యవసాయం చేసుకునే పాలిట్ష్. లెక్క ఒకరిది, చూపు మరొకరిది. పట్టికలో రైతుకు గడి లేదు.

ఇక హెర్షెల్. 1781 మార్చి 13న ఆయన యురేనస్‌ను చూసిన మాట నిజమే. కానీ అది తోకచుక్క అనుకున్నారు. తరువాత ఇతర గణితవేత్తలు దాని కక్ష్యను లెక్కించాకనే అది గ్రహమని తేలింది. అంతకు ముందు 1690లోనే ఇంగ్లండులో ఫ్లామ్‌స్టీడ్ దానిని చూసి, నక్షత్రం అనుకుని తన జాబితాలో చేర్చారు. మరి యురేనస్‌ను కనుగొన్నది ఎవరు? చూడడమే కనుగొనడమైతే ఫ్లామ్‌స్టీడ్. మామూలు చుక్క కాదని గుర్తించడం కనుగొనడమైతే హెర్షెల్. గ్రహమని నిరూపించడం కనుగొనడమైతే లెక్కలు చేసినవారు. "కనుగొనడం" అన్న మాటకు మనం ఇచ్చే అర్థాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఈ మూడు ఉదాహరణలు మనసులో పెట్టుకుని ఇప్పుడు గుంటూరుకు వద్దాం.

3. గుంటూరు, 1868 ఆగస్టు 18

ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం మామూలు గ్రహణం కాదు. చంద్రుని నీడ దక్కన్ మీదుగా సాగి, గుంటూరు, మచిలీపట్నాలను దాటి బంగాళాఖాతం మీదికి వెళ్లింది. సూర్యుడు పూర్తిగా మరుగుపడిన సమయం గుంటూరులో ఐదు నిమిషాలకు పైనే. గ్రహణాలలో ఇది చాలా ఎక్కువ సమయం. మన సాలూరు, విశాఖపట్నాలు ఆ నీడ దారికి ఉత్తరాన ఉండడం వల్ల ఇక్కడ పాక్షిక గ్రహణమే కనిపించింది.

ఈ గ్రహణం కోసం దూరదేశాల నుంచి శాస్త్రవేత్తలు తరలివచ్చారు. దానికి కారణం కొత్తగా చేతికి వచ్చిన ఒక పరికరం. 1859-60 సంవత్సరాలలో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్‌లు ఒక ముఖ్య విషయం నిరూపించారు. ఏ మూలకమైనా ఆవిరిగా మారి మండితే, దాని వెలుగును పట్టకం గుండా పంపినప్పుడు ఆ మూలకానికి మాత్రమే చెందిన గీతలు కనిపిస్తాయి. వేలిముద్రను బట్టి మనిషిని పోల్చినట్టు, గీతలను బట్టి మూలకాన్ని పోల్చవచ్చు. ఈ గీతలను చూసే పరికరమే వర్ణపటదర్శిని. దానితో గ్రహణ సమయంలో సూర్యుణ్ణి చూడడానికి దొరికిన మొదటి మంచి అవకాశం 1868 గ్రహణం.

వారి ముందున్న ప్రశ్న ఇది. సంపూర్ణ గ్రహణ సమయంలో సూర్యుని అంచున ఎర్రని మంటల వంటివి ఎగసిపడుతూ కనిపిస్తాయి. వీటిని ప్రామినెన్సులు అంటారు. ఇవి చంద్రునివి కావు, సూర్యునివేనని 1860లో స్పెయిన్‌లో తీసిన గ్రహణ ఫోటోలు తేల్చాయి. మరి అవి దేనితో తయారయ్యాయి? మేఘాలా, మండే వాయువులా?

జవాబు కోసం చాలామంది కాచుకుని ఉన్నారు. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశారు. అదే గుంటూరులో మేజర్ టెనంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం ఉంది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నారు. ఆ వేధశాలలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలో ఉన్నారు. పడమట జమఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్, తూర్పున మలయా ద్వీపకల్పంలో ఫ్రెంచి శాస్త్రవేత్త రాయే ఉన్నారు. ఇన్ని చోట్ల ఇందరు కాచుకుని ఉంటే, పట్టిక ఒక్క పేరును ఎంచుకుంది.

గ్రహణం పట్టింది. వర్ణపటదర్శినిలో ప్రామినెన్సులు ప్రకాశవంతమైన గీతలుగా కనిపించాయి. అంటే అవి మండే వాయువు. ఎర్ర గీత, నీలి గీత హైడ్రోజన్‌వని తేలింది. జాన్సెన్ తన నివేదికలో ప్రధానంగా చెప్పినవి ఈ రెండు గీతలే. ఆనాటి ప్రశ్నకు జవాబు దొరికింది: ప్రామినెన్సులలో ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్.

4. పసుపు గీత ఎవరిది?

హీలియం కథ ఎర్ర గీతది కాదు, నీలి గీతదీ కాదు, పసుపు గీతది. గ్రహణ సమయంలో ఆ గీతను చూసినట్టు రాసినవారు చాలామంది ఉన్నారు. టెనంట్ రాశారు, హెర్షెల్ రాశారు, రాయే రాశారు. మచిలీపట్నం నుంచి పాగ్సన్ కూడా రాశారు. అది సోడియం గీత దగ్గరో, దాని చోటనో ఉందన్నది ఆయన మాటల సారాంశం. దాదాపు అందరూ దానిని సోడియం గీతగానే భావించారు.

వారిని తప్పుపట్టలేం. పొయ్యి మంటలో ఉప్పు చిటికెడు వేస్తే కనిపించే పసుపు రంగు సోడియంది. దాని జంట గీతల తరంగదైర్ఘ్యాలు సుమారు 589.0, 589.6 నానోమీటర్లు. సూర్యుని పసుపు గీతది సుమారు 587.6. తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. ఐదు నిమిషాల చీకటిలో, గుండె దడదడలాడుతుండగా, ఒక చేత్తో టెలిస్కోపు సవరించుకుంటూ అంత చిన్న తేడాను కొలవడం సాధ్యమయ్యే పని కాదు. దానికి తీరిక కావాలి.

ఆ తీరిక 1868 అక్టోబర్ 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్‌కు దొరికింది. గ్రహణం లేని మామూలు రోజున ఆయన ప్రామినెన్సు గీతలను చూశారు. పసుపు గీత సోడియం చోటులో లేదని, కొంచెం పక్కగా ఉందని గమనించారు. సోడియం జంట గీతలకు డి1, డి2 అని పేర్లు ఉండడం వల్ల దీనికి డి3 అన్న పేరు వచ్చింది. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ఆయన ప్రయోగశాలలో ఎన్నో పరీక్షలు చేశారు. హైడ్రోజన్‌నే వేరే పరిస్థితుల్లో ఉంచితే ఆ గీత వస్తుందేమో అని చూశారు. రాలేదు. ఇది భూమి మీద ఎవరికీ తెలియని మూలకం కావచ్చునన్న ఆలోచన అలా క్రమంగా బలపడింది. గ్రీకు భాషలో సూర్యుని పేరైన హీలియోస్ నుంచి హీలియం అన్న పేరు వచ్చింది. 1871లో విలియం థామ్సన్ ఒక శాస్త్ర సభలో చేసిన అధ్యక్షోపన్యాసంతో ఆ పేరు నలుగురికీ తెలిసింది.

అయినా చాలామంది నమ్మలేదు. ఒక్క గీతను చూసి ఒక మూలకం ఉందనడం సాహసమే. ఆ సందేహం పావు శతాబ్దం పైగా నడిచింది. 1895 మార్చిలో లండన్‌లో విలియం రామ్జే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో కలిపి, వెలువడిన వాయువును పరీక్షించారు. అందులో ఆ పసుపు గీత కనిపించింది. నమూనాను క్రూక్స్‌కు పంపితే, అది డి3 గీతేనని ఆయన కొలిచి నిర్ధారించారు. హీలియం మొదటిసారి మనిషి చేతికి చిక్కింది అప్పుడే.

కనుక సాలూరు కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఇది: 1868లో హీలియంను నేలలోంచీ తీయలేదు, గాలిలోంచీ తీయలేదు. దాని జాడ వెలుగులో కనిపించింది. ఆ జాడను గుంటూరులోనూ, మరికొన్ని చోట్లా చూశారు, కానీ పోల్చుకోలేదు. పోల్చుకున్నది ఇంగ్లండులో. చేతికి చిక్కింది 27 ఏళ్ల తరువాత, రాతిలోంచి.

మీ అభ్యాసాన్ని పరిశీలించుకోండి – 1
(అ) 1868 గ్రహణ సమయంలో పసుపు గీతను సోడియం గీతగా పొరబడడానికి కారణం ఏమిటి?
(ఆ) కింది పనులను చేసినవారితో జతపరచండి: డి3 గీత సోడియంది కాదని గమనించడం, హీలియంను ఖనిజం నుంచి వెలికితీయడం, ప్రామినెన్సులలో హైడ్రోజన్ గీతలను గుంటూరులో చూడడం.

5. గుంటూరుకు నిజంగా దక్కవలసింది

అయితే గుంటూరుకు ఏమీ మిగలలేదా? ఇక్కడే పట్టిక మనకు నిజమైన నష్టం చేసింది.

గ్రహణం విడుస్తున్న సమయంలో జాన్సెన్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆ గీతలు ఇంత ప్రకాశంగా ఉన్నాయి కదా, గ్రహణం లేకపోయినా కనిపించవా? మధ్యాహ్నం మబ్బు పట్టడంతో ఆ రోజు చూడలేకపోయారు. మర్నాడు, అంటే ఆగస్టు 19 ఉదయం, వర్ణపటదర్శిని సన్నని చీలికను సూర్యుని అంచుకు గురిపెట్టారు. గీతలు కనిపించాయి. గ్రహణం లేదు, చీకటి లేదు, పట్టపగలు. ఆ తరువాత రెండు వారాలకు పైగా ఆయన గుంటూరులోనే ఉండి ప్రామినెన్సులను పరిశీలించారు.

ఇది ఎలా సాధ్యమైంది? మామూలు రోజున సూర్యుని పక్కన ఆకాశం కళ్లు చెదిరేంత వెలుగుతో నిండి ఉంటుంది కనుక ప్రామినెన్సులు కనిపించవు. చిటికెడు పసుపును గంగాళం నీళ్లలో కలిపితే రంగు పలచబడిపోతుంది. అదే గంగాళంలో గవ్వను వేస్తే అది గవ్వగానే ఉంటుంది. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి. పట్టకం దానిని వెడల్పుగా పరిచేకొద్దీ పసుపులాగా పలచబడుతుంది. ప్రామినెన్సు వెలుగు కొన్ని గీతల్లోనే ఒదిగి ఉంది కనుక ఎంత పరిచినా గవ్వలాగా నిలుస్తుంది. వెనకనున్న వెలుగు మసకబారి, గీత బయటపడుతుంది.

అప్పటి దాకా ప్రామినెన్సులను చూడాలంటే ఎన్నో ఏళ్లకు ఒకసారి, భూమి మీద ఏదో ఒక మూలకు, ఓడలలో పరికరాలు మోసుకుని వెళ్లాలి. వెళ్లాక మబ్బు పట్టకుండా దేవుణ్ణి మొక్కుకోవాలి. అన్నీ కుదిరితే దొరికేది కొద్ది నిమిషాలు. గుంటూరులో ఆ ఉదయం తరువాత ఎండ కాసే ప్రతి రోజూ సూర్యుణ్ణి చదవవచ్చు. లాకియర్ కూడా ఈ పద్ధతిని జాన్సెన్ సంగతి తెలియకుండానే స్వతంత్రంగా సాధించారు. పసుపు గీతను తీరికగా కొలవడానికి ఆయనకు వీలు కల్పించింది ఈ పద్ధతే. ఇద్దరి నివేదికలూ 1868 అక్టోబర్ 26న పారిస్‌లోని ఫ్రెంచి శాస్త్ర అకాడమీ ఒకే సమావేశం ముందుకు వచ్చాయి. ఎవరు ముందు అని కొట్లాడుకోకుండా ఇద్దరూ స్నేహితులయ్యారు. ఇద్దరి ముఖాలనూ ఒకే పతకం మీద ముద్రించి 1872లో గౌరవించారు. ఆ పతకం హీలియం కోసం కాదు, గ్రహణం లేకుండా ప్రామినెన్సులను చూసే పద్ధతి కోసం. హీలియం అన్న మాటను శాస్త్రలోకం అప్పటికి ఇంకా నమ్మలేదని మరిచిపోకండి.

హీలియం ఒక మూలకం. గుంటూరులో దొరికినది ఒక పద్ధతి. పద్ధతి నుంచి ఎన్నో ఆవిష్కరణలు పుడతాయి. తరువాతి కాలంలో కొడైకెనాల్ వేధశాలలో సూర్యుణ్ణి, దాని ప్రామినెన్సులను ఒకే రంగు వెలుగులో రోజూ ఫోటోలు తీయగలిగారంటే, ఆ దారికి మొదలు ఇలాంటి ఉదయాలలోనే ఉంది. హీలియంను గుంటూరు ఖాతాలో రాయడం వల్ల మనం పొందినది మనది కాని గౌరవం, పోగొట్టుకున్నది మనదైన గౌరవం.

6. గడి దక్కనివారు

ఇదే తరగతిలో మక్కువ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, "ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు వచ్చి చూసి వెళ్లారు సరే మాస్టారూ, మన వైపు ఎవరూ ఆకాశం చూడలేదా?" అని అడిగింది. చూశారు. అయితే వారి పని రెండు గడుల పట్టికలో ఇమిడే రకం కాదు.

సాలూరు నుంచి బస్సులో మూడు నాలుగు గంటల దూరంలో ఉన్న విశాఖపట్నంలో 1840లోనే ఒక వేధశాల వెలిసింది. దానిని స్థాపించినవారు గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు. మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, ఇప్పుడు దుకాణాలతో కిక్కిరిసి ఉన్న డాబాగార్డెన్స్ ప్రాంతంలో సొంత ఖర్చుతో దానిని ఏర్పాటుచేశారు. 1856లో ఆయన మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పనిని 1892లో తాను మరణించే దాకా కొనసాగించారు. ఓడలవారు తమ గడియారాలు సరిచేసుకోవడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాతో సమయ సంకేతం ఇచ్చే ఏర్పాటు కూడా ఈ వేధశాల చలవే.

1874 డిసెంబర్ 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా చిన్న నల్లని చుక్కలా దాటింది. మనం వేగుచుక్క అని పిలుచుకునే గ్రహమే అది. నరసింగరావు విశాఖలో 6 అంగుళాల టెలిస్కోపుతో దానిని పరిశీలించి, వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. ఈ పరిశీలన ఉపయోగం ఏమిటో గమనించండి. శుక్రుడు సూర్యుని అంచును తాకే క్షణం భూమి మీద ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఎన్నో ఊళ్ల నుంచి వచ్చిన సమయాలను పోల్చి, ఆ తేడాల నుంచి సూర్యుని దూరాన్ని లెక్కకట్టవచ్చు. ఒక్క ఊరి లెక్క ఒంటరిగా పనికిరాదు. అన్ని ఊళ్లూ కలిస్తేనే జవాబు. మరి సూర్యుని దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లని చెప్పే వరుసలో ఎడమ గడిలో ఎవరి పేరు రాస్తారు? ఏ ఒక్క పేరు రాసినా అబద్ధమవుతుంది. అందుకే ఆ వరుస పట్టికలో సాధారణంగా ఉండదు, దానితో పాటే నరసింగరావు కూడా ఉండరు.

వనపర్తిలో గ్రహణం చూసిన రఘునాథాచారి సంగతి కాస్త వేరు. ఆయన 1867లో ఆర్ రెటిక్యులై అనే చరతారను, అంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని కనుగొన్నారు. పట్టిక నియమాల ప్రకారం చూసినా ఆయనకు గడి దక్కాలి. శుక్రుని దాటు గురించి సామాన్యులకు అర్థమయ్యేలా దేశభాషలలో పుస్తకం వచ్చేలా చేసినవారు కూడా ఆయనే. అయినా మన గైడ్లలో ఆయన పేరు కనిపించదు.

మూడవ ఉదాహరణ హైదరాబాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల తరువాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటలో స్థిరపడింది. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల స్థానాలను నమోదు చేయాలన్న అంతర్జాతీయ పథకంలో దానికి ఒక భాగం దక్కింది. పాకాక్, ఆ తరువాత భాస్కరన్ వంటివారి నాయకత్వంలో దశాబ్దాల పాటు గాజు ఫలకాల మీద చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను 12 సంపుటాలుగా ప్రచురించారు. కొలిచినవారిలో ఎవరూ కొత్త నక్షత్రం కనుగొన్నామని చెప్పుకోలేదు. కానీ ఈ పథకంలోని పాత కొలతలను ఇప్పటి ఉపగ్రహ కొలతలతో పోల్చి, నూరేళ్లలో నక్షత్రాలు ఎంత జరిగాయో 2000 సంవత్సరంలో లెక్కించారు. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడే వైను బప్పు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నారు. ఆ తోకచుక్కకు బప్పు, బాక్, న్యూకర్క్ అని మూడు పేర్లు ఉన్నాయి. బప్పు పేరు పట్టికలోకి ఎక్కింది. ఆయన ఆకాశం చూడడం నేర్చుకున్న ఊళ్లో చుక్కలను కొలిచినవారి పేర్లు ఎక్కలేదు.

7. రెండు ఆక్షేపణలు

ఈ విమర్శకు రెండు ఆక్షేపణలు రావచ్చు. వాటిని తేలికగా కొట్టివేయలేం.

మొదటిది: పరీక్ష రాసే విద్యార్థికి పట్టిక అవసరం. ఇన్ని వివరాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నిజమే. పట్టికను చింపివేయమని నేను అనడం లేదు. కుడి గడిలో సరైన క్రియను రాయమంటున్నాను. "జాన్సెన్, హీలియం" అనే చోట "జాన్సెన్: గ్రహణం లేకుండా ప్రామినెన్సులను చూసే పద్ధతి చూపారు, గుంటూరు, 1868" అని రాయడానికి ఒక్క వరుస కంటే ఎక్కువ పట్టదు. గెలీలియో చూశారు, హేలీ లెక్కించారు, లాకియర్ పోల్చుకున్నారు, రామ్జే వెలికితీశారు. క్రియ మారితే పట్టిక నిజం చెబుతుంది.

రెండవది: ఊరి మీద అభిమానం మంచిదే కదా, పిల్లలకు అది చదువు మీద ఇష్టం పెంచదా? పెంచుతుంది. నాకూ ఆ అభిమానం ఉంది. కానీ తప్పు మీద నిలబెట్టిన అభిమానం మొదటి ప్రశ్నకే కూలుతుంది. తాను గర్వంగా చెప్పుకున్నది తప్పని తెలిసిన విద్యార్థి, తరువాత మనం చెప్పే నిజాన్ని కూడా అనుమానిస్తాడు. అది ఉపాధ్యాయుడిగా నేను భయపడే నష్టం.

తరగతి చివర ఈ మాటలే చెబుతుంటే, లారీ షెడ్డులో పనిచేసే ఒక విద్యార్థి తన పని నుంచి పోలిక తెచ్చాడు. లారీ తయారయ్యాక దాని మీద పెయింటర్ తన పేరు రాసుకుంటాడట. వడ్రంగి పేరు ఉండదు, వెల్డింగు చేసినవాడి పేరు ఉండదు, సీట్లు కుట్టినవాడి పేరూ ఉండదు. "పేరు చూసి లారీ అంతా పెయింటరే చేశాడనుకుంటే ఎలా మాస్టారూ?" అన్నాడు. పెయింటర్ పని తక్కువది కాదు, అతని పేరు చెరపనక్కరలేదు. ఆ పేరు దేనికి రాశారో తెలిస్తే చాలు. ఈ యూనిట్ సారం అతను నాకంటే తక్కువ మాటల్లో చెప్పాడు.

8. సారాంశం

రెండు గడుల పట్టిక ఆవిష్కరణను ఒక మనిషి, ఒక క్షణం, ఒక వస్తువుగా కుదిస్తుంది. గుంటూరు గ్రహణం ఆ కుదింపుకు మనకు దగ్గరి ఉదాహరణ. 1868 ఆగస్టు 18న హీలియం జాడను పలువురు చూశారు కానీ సోడియంగా పొరబడ్డారు. అక్టోబర్‌లో లాకియర్ తేడా గమనించారు. 1895లో రామ్జే దానిని చేజిక్కించుకున్నారు. గుంటూరులో ఆగస్టు 19 ఉదయం జాన్సెన్ సాధించినది గ్రహణం అవసరం లేకుండా సూర్యుణ్ణి చదివే పద్ధతి. విశాఖ, వనపర్తి, హైదరాబాదులలో ఏళ్ల తరబడి ఆకాశాన్ని కొలిచినవారి కృషి లేకుండా ఆవిష్కరణల చరిత్ర పూర్తి కాదు. ఇకపై ఏ పట్టిక చదివినా ఎవరు అన్న ప్రశ్నతో ఆగకండి. చూశారా, పోల్చుకున్నారా, కొలిచారా, పేరు పెట్టారా, చేజిక్కించుకున్నారా అని కూడా అడగండి.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. "హీలియంను గుంటూరులో కనుగొన్నారు" అన్న వాక్యాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. రెండు గడుల పట్టికకు ఆధారమైన మూడు నమ్మకాలను ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గ్రహణం లేకుండా ప్రామినెన్సులు ఎలా కనిపిస్తాయి?
2. శుక్రుని దాటు పరిశీలనలో విశాఖపట్నం వేధశాల పాత్ర ఏమిటి?

III. మీరే చేయండి.
మీ దగ్గరున్న ఏదైనా గైడులో నుంచి ఇటువంటి పట్టిక ఒకటి తీసుకోండి. అందులో ఐదు వరుసలను ఎంచుకుని, ప్రతి వరుసలో "కనుగొన్నారు" అన్న మాటకు బదులు సరైన క్రియను రాయండి. ఏ వరుసలోనైనా సరైన క్రియ తెలియకపోతే ఆ గడిని ఖాళీగా వదిలి, తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి. తప్పుగా నింపిన గడి కంటే ఖాళీ గడితోనే మన పని సులువు.